లివర్ మార్పిడికి ముందు క్యాన్సర్ గడ్డకు ఏ చికిత్స? బెంగళూరు, చెన్నై వెళ్లే తెలుగు కుటుంబాల కోసం ఒక పోలిక

లివర్ మార్పిడి చేయాలని తేలింది. డోనర్ పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి, లేదా మరణానంతర దాతల జాబితాలో పేరు ఎక్కించి ఫోన్ కోసం చూస్తున్నారు. ఈలోగా లివర్‌లో ఉన్న క్యాన్సర్ గడ్డను ఏం చేయాలి? ఒక ఆసుపత్రిలో టేస్ (గడ్డకు రక్తం తెచ్చే ధమనిలోకి మందు పంపి, దాన్ని మూసేయడం) చేద్దామంటారు. ఇంకోచోట సూది పెట్టి కాల్చేద్దామంటారు. మూడోచోట రేడియేషన్ మాట వస్తుంది. నాలుగో డాక్టరు ఏమీ వద్దు, నేరుగా ఆపరేషన్‌కి వచ్చేయండి అంటారు. చిత్తూరు నుంచో అనంతపురం నుంచో ఫైళ్లు పట్టుకుని వచ్చిన కుటుంబానికి ఇక్కడే కాళ్లూ చేతులూ ఆడవు.

ఆ నలుగురిలో ఎవరూ తప్పు చెప్పి ఉండకపోవచ్చు. ఒక్కొక్కరు ఒక్కో లెక్క చూసి చెబుతున్నారు. ఆ లెక్కలేమిటో ముందు తెలిస్తే సలహాల మధ్య తేడా ఎందుకొచ్చిందో అర్థమవుతుంది.

ఒక మాట మొదటే చెప్పుకోవాలి. మార్పిడికి ముందు చేసే ఈ చికిత్సల పని గడ్డను శాశ్వతంగా నయం చేయడం కాదు. అసలు చికిత్స మార్పిడే. ఆ టేబుల్ దాకా రోగిని చేర్చాలి: గడ్డ హద్దు దాటకూడదు, ఉన్న లివర్ మధ్యలో చేతులెత్తేయకూడదు. గడ్డ పూర్తిగా చచ్చిపోయి, దాంతోపాటు కామెర్లు పెరిగి, పొట్ట నిండా నీరు పట్టి రోగి మంచాన పడితే ఆ చికిత్స ఓడిపోయినట్టే. అందుకే "అన్నిటికంటే పవర్‌ఫుల్ ఏది?" అని అడగకండి. "మాకు ఎన్ని వారాల సమయం ఉంది, మా లివర్ ఎంత తట్టుకుంటుంది?" అని అడగండి.

## ముందుగా చూసుకోవలసినవి

ఎన్నాళ్లు ఆగాలి? ఆరు నెలలు దాటి ఆగాల్సి వచ్చేలా ఉంటే మధ్యలో గడ్డకు చికిత్స చేయాలన్నది చాలామంది నిపుణులు ఒప్పుకునే మాట. మన దేశంలో ఎక్కువ మార్పిడులు బతికున్న దాతలతోనే జరుగుతాయి కాబట్టి ఆగే కాలం తక్కువే అనిపిస్తుంది. కాగితం మీద అది నిజం. ఇంట్లోవాళ్లలో బ్లడ్ గ్రూప్ కలిసిన డోనర్ సిద్ధంగా ఉంటే నాలుగైదు వారాల్లో ఆపరేషన్ అయిపోవచ్చు. కానీ అసలు ఆలస్యం మరోచోట వస్తుంది. డోనర్‌కి ఫ్యాటీ లివర్ ఉందని తేలితే బరువు తగ్గి రమ్మంటారు. అది ఒకటి రెండు నెలల పని. బ్లడ్ గ్రూప్ కలవని డోనర్ అయితే కొత్త లివర్‌ను శరీరం తోసేయకుండా రెండు మూడు వారాల ముందు రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ఇవ్వాలి. దాత దగ్గరి బంధువు కాకపోతే అధికార కమిటీ అనుమతి కావాలి. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతయ్య నాయనమ్మలు, మనవళ్లు మనవరాళ్లు మాత్రమే చట్టం ప్రకారం దగ్గరి బంధువులు. బావమరిది, మేనల్లుడు, పెదనాన్న కొడుకు ఆ లెక్కలోకి రారు. అలాంటి దాత వేరే రాష్ట్రంవాడైతే తహసీల్దార్ నివాస ధ్రువీకరణ కూడా అడుగుతారు. మొదటి డోనర్ పరీక్షల్లో తప్పిపోయి రెండో డోనర్‌తో మళ్లీ మొదలుపెట్టడం చాలా మామూలు విషయం. కాబట్టి "నెలలో అయిపోతుంది" అని ఎవరైనా అంటే, ఆ లెక్క డోనర్ సీటీ, ఫ్యాట్ రిపోర్టు చూశాక చెప్పిందా, ముందే చెప్పిందా అని అడగండి.

లివర్‌లో ఎంత సత్తువ మిగిలింది? దీన్ని చైల్డ్ ప్యూ స్కోరుతో కొలుస్తారు. బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష), పొట్టలో నీరు, మతిమరుపు లేదా మగత: ఈ ఐదిటికీ ఒక్కోదానికి 1 నుంచి 3 పాయింట్లు. మొత్తం 5, 6 అయితే ఏ. 7 నుంచి 9 బీ. 10, ఆపైన సీ. బిలిరుబిన్ 2 లోపు ఉంటే 1 పాయింటు, 3 దాటితే 3 పాయింట్లు. ఆల్బుమిన్ 3.5 పైన ఉంటే 1, 2.8 కంటే తగ్గితే 3. మీ రిపోర్టు ముందు పెట్టుకుని మీరే లెక్కేసి చూడండి. ఈ పేజీలో మిగతాదంతా ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

గడ్డలు ఎన్ని, ఎంత, ఎక్కడ? మార్పిడికి అందరూ మొదట చూసేది మిలాన్ హద్దు: ఒకే గడ్డ అయితే 5 సెం.మీ. లోపు, రెండు మూడు ఉంటే ఒక్కోటి 3 సెం.మీ. లోపు, పెద్ద రక్తనాళాల్లోకి గానీ లివర్ బయటికి గానీ పాకకూడదు. 1996లో ఇటలీలోని మిలాన్ నుంచి 48 మంది రోగుల ఫలితాలతో ఇది వచ్చింది. అప్పట్లో వాళ్లలో 75 శాతం మంది నాలుగేళ్లు దాటి బతికారు; అంతకుముందు లివర్ క్యాన్సర్‌కి మార్పిడి అంటేనే వెనకడుగు వేసేవారు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో హద్దు కొంచెం వెసులుబాటు ఇచ్చింది: ఒకటైతే 6.5 సెం.మీ. దాకా, మూడు దాకా ఉంటే పెద్దది 4.5, అన్నీ కలిపి 8 సెం.మీ. లోపు. బతికున్న దాత ఉన్నచోట చాలా కేంద్రాలు మిలాన్ దాటినవారికి కూడా చేస్తాయి, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో పెరిగే ప్రోటీన్, రక్తపరీక్షలో చూస్తారు) తక్కువగా ఉండి గడ్డ నిదానంగా ఉంటే.

ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి. మీరు హద్దులోపలే ఉంటే చికిత్స పని గడ్డను కాపలా కాయడం. హద్దు దాటి ఉంటే దాన్ని లోపలికి లాగాలి. దాన్ని డౌన్‌స్టేజింగ్ అంటారు. దానికి ఎక్కువ సమయం, ఎక్కువసార్లు చికిత్స కావాలి. గడ్డ తగ్గాక కూడా దాదాపు మూడు నెలలు ఆగి, మళ్లీ పెరగలేదని చూసుకునే మార్పిడికి తీసుకెళ్తారు. ఈ ఆగడం ఆలస్యం చేయడం కాదు. వేగంగా పాకే గడ్డ ఈ మూడు నెలల్లో బయటపడిపోతుంది. అలాంటిదానికి మార్పిడి చేస్తే కొత్త లివర్‌లో మళ్లీ వస్తుంది, దాత శ్రమ కూడా వృథా.

ఏఎఫ్‌పీ ఎంత? ఒక్కసారి చూసిన అంకె కంటే రెండు మూడు నెలల నడక ముఖ్యం. అమెరికాలో 1000 దాటితే చికిత్సతో 500 కిందికి దించాకే మార్పిడికి ఒప్పుకుంటారు. సైజు చిన్నదైనా ఏఎఫ్‌పీ వేలల్లో ఉంటే తొందరపడకూడదు.

పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిర తెరుచుకుని ఉందా? గడ్డ ఈ సిరలోకి పాకిందంటే లెక్క మొత్తం మారిపోతుంది. మామూలు రక్తపు గడ్డ సిరలో కట్టడం వేరు, క్యాన్సర్ పాకడం వేరు. రిపోర్టులో "పోర్టల్ వెయిన్ త్రాంబోసిస్" అని మాత్రమే రాసి ఉంటే, ఆ రెండిటిలో ఏదో డాక్టరుతో తేల్చుకోండి.

## ఏమీ చేయకుండా నేరుగా ఆపరేషన్

దీన్ని చాలామంది నిర్లక్ష్యం అనుకుంటారు. చైల్డ్ సీలో ఉన్నవారికి మాత్రం తరచుగా ఇదే సరైన దారి. కామెర్లు ఎక్కువగా ఉండి, పొట్టలో నీరు ఆగకుండా వస్తూ, గడ్డ మిలాన్ లోపలే ఉంటే, టేస్ గానీ రేడియేషన్ గానీ చేసి మిగిలిన కాస్త లివర్‌ను పోగొట్టుకోవడం కంటే డోనర్ పనిని పరుగు పెట్టించడం మేలు. 2 సెం.మీ. లోపు ఒక్క గడ్డ, ఏఎఫ్‌పీ తక్కువ, ఆపరేషన్ నెలన్నరలో ఖాయం అన్నవారు కూడా ఆగవచ్చు. ఒకటే షరతు: తేదీ జరిగిపోతే నిర్ణయం మళ్లీ చూడాలి. మూడు నెలలకోసారి స్కాన్ తప్పనిసరి.

## సూదితో కాల్చడం: ఆర్‌ఎఫ్‌ఏ, మైక్రోవేవ్

అల్ట్రాసౌండ్ లేదా సీటీ చూస్తూ చర్మంలోంచి సూది గడ్డలోకి దింపి వేడితో కాలుస్తారు. ఆ వేడిని రేడియో తరంగాలతో పుట్టిస్తే ఆర్‌ఎఫ్‌ఏ, మైక్రోవేవ్‌తో పుట్టిస్తే మైక్రోవేవ్ అంటారు. గడ్డ చుట్టూ కనీసం 5 మి.మీ. మంచి లివర్ కూడా కాలితేనే పని పూర్తయినట్టు. 2 సెం.మీ. లోపు గడ్డ పూర్తిగా చావడానికి దీన్ని మించింది తక్కువ. 3 సెం.మీ. దాకా నమ్మకంగా చేయవచ్చు. మైక్రోవేవ్ అయితే 4 సెం.మీ. దగ్గరివరకు ప్రయత్నిస్తారు, ఎందుకంటే అది వేగంగా, ఎక్కువ వేడిని పుట్టిస్తుంది. మైక్రోవేవ్‌తో ఒక్కో గడ్డను కాల్చడానికి సాధారణంగా పది నిమిషాల లోపే పడుతుంది. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంటే చాలు.

ఎక్కడ తప్పుతుంది? పెద్ద రక్తనాళం పక్కనే గడ్డ ఉంటే పారే రక్తం వేడిని మోసుకెళ్లిపోతుంది, అంచు కాలకుండా మిగిలిపోతుంది. ఆర్‌ఎఫ్‌ఏకి ఈ బెడద ఎక్కువ, మైక్రోవేవ్‌కి తక్కువ. పిత్తాశయం, పేగు, డయాఫ్రం ఆనుకుని ఉంటే వాటికి కాలిన గాయం కావచ్చు. మధ్యలో ద్రవం ఎక్కించి దూరం జరిపే పద్ధతి ఉంది గానీ అది చేయి తిరిగినవారి పని. లివర్ పైపొరకు అంటుకుని బయటికి ఉబ్బిన గడ్డను నేరుగా గుచ్చితే క్యాన్సర్ కణాలు సూది దారిలో నాటుకునే ప్రమాదం ఉంది. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే మనిషికి అది మామూలు ప్రమాదం కాదు. అందుకే మంచి లివర్ గుండా వెళ్లి, బయటికి తీసేటప్పుడు సూది దారిని కూడా కాలుస్తారు. "దారి కాలుస్తారా?" అని అడగడానికి మొహమాటపడకండి.

ప్లేట్‌లెట్లు 50,000 పైన ఉండాలని చాలా కేంద్రాలు చూస్తాయి. పొట్టలో నీరుంటే ముందు తీయాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఆర్‌ఎఫ్‌ఏ అనగానే ఆ సంగతి చెప్పాలి.

## టేస్: అందరూ చేసేది, అందరికీ సరిపోనిది

మన ఊళ్లలో "లివర్‌కి కీమో ఎక్కించారు" అనేది ఎక్కువగా దీని గురించే. మంచి లివర్‌కు మూడొంతుల రక్తం పోర్టల్ సిర నుంచి వస్తుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం దాదాపు పూర్తిగా ధమని మీద బతుకుతుంది. ఈ తేడానే టేస్ వాడుకుంటుంది. తొడ దగ్గర లేదా మణికట్టు దగ్గర ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, గడ్డకు వెళ్లే కొమ్మలోకే చేర్చి, డాక్సోరుబిసిన్ అనే కీమో మందును లైపియోడాల్ నూనెతో కలిపి వదిలి, తర్వాత ఆ కొమ్మను మూసేస్తారు. మందు పట్టించిన పూసలతో చేసేది డెబ్ టేస్. రెండిటిలో ఏది గొప్ప అన్న చర్చ మీద సమయం పెట్టకండి; బతుకులో పెద్ద తేడా తేలలేదు. తేడా తెచ్చేది గొట్టాన్ని ఎంత లోపలి కొమ్మదాకా తీసుకెళ్లారన్నది. ఒక్క సెగ్మెంటుకే (లివర్‌లోని ఒక చిన్న భాగానికే) పరిమితం చేస్తే మంచి లివర్ మిగులుతుంది. ఒక వైపు లివర్ మొత్తానికి వదిలేస్తే, బీ స్కోరులో ఉన్న మనిషి సీలోకి జారిపోవచ్చు.

ఎవరికి బాగుంటుంది: 3 సెం.మీ. దాటిన గడ్డ, లేదా రెండు మూడు గడ్డలు, చైల్డ్ ఏ లేదా బీ 7, పోర్టల్ సిర తెరుచుకుని ఉంది. ఎవరికి వద్దు: బిలిరుబిన్ 3 దాటినవారు (2 దాటితేనే జాగ్రత్త మొదలవ్వాలి), పోర్టల్ సిర ముఖ్య కాండం మూసుకున్నవారు, పొట్టలో నీరు ఆగనివారు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు అంకె) పెరిగినవారు. పిత్తనాళంలో స్టెంట్ వేయించుకున్నవారు, పిత్తనాళాన్ని పేగుకు కలిపే ఆపరేషన్ అయినవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. పేగులోని సూక్ష్మజీవులు పిత్తనాళాల్లోకి చేరి ఉంటాయి కాబట్టి రక్తం ఆగిన గడ్డలో చీము పట్టే ప్రమాదం వాళ్లకు చాలా ఎక్కువ.

చేశాక మూడు నుంచి ఏడు రోజులు జ్వరం, కుడిపక్క నొప్పి, వాంతులు వస్తాయి. గడ్డ చస్తున్నప్పుడు ఇది సహజం. పారాసిటమాల్ రోజుకు 2 గ్రాములు దాటకూడదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, మెడికల్ షాపువాడు ఇచ్చినా సరే, ముట్టుకోకండి, కిడ్నీలు దెబ్బతింటాయి. జ్వరం తగ్గి వారం పది రోజుల తర్వాత చలితో మళ్లీ వస్తే అది సహజం కాదు, చీము కావచ్చు. నల్లటి విరేచనం, మాట తడబడటం, పగలంతా మగత, మూత్రం తగ్గడం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నాలుగైదు వారాలకు స్కాన్ చేసి చూస్తారు. గడ్డ సైజు తగ్గిందా అని కాదు, ధమని దశలో (ఎక్కించిన కాంట్రాస్టు మందు ధమనుల్లో ఉండగా తీసిన చిత్రాల్లో) ఇంకా మెరుస్తోందా అని. 4 సెం.మీ. గడ్డ 4 సెం.మీ.గానే ఉండి, లోపల ఎక్కడా మెరుపు లేకపోతే అది చచ్చిన గడ్డే. సంతోషించవలసిన రిపోర్టు అది. లైపియోడాల్ సీటీలో తెల్లగా మెరుస్తుంది కాబట్టి మిగిలిన బతికున్న అంచు దాని వెనక దాక్కోవచ్చు. అనుమానంగా ఉంటే ఎంఆర్‌ఐ అడగండి.

మార్పిడి సర్జన్లకు టేస్ మీద ఒక బెంగ ఉంటుంది. పదేపదే చేస్తే లివర్ ధమని గోడ దెబ్బతిని, కొత్త లివర్‌కు ఆ ధమనిని కలిపేటప్పుడు ఇబ్బంది రావచ్చు. రెండుసార్లు చేశాక కూడా గడ్డ స్పందించకపోతే మూడోసారి అదే చేయించుకునే బదులు దారి మార్చడం గురించి అడగండి.

## వై-90

ఇది కూడా ధమనిలోంచే వెళ్తుంది, కానీ మందుకు బదులు రేడియేషన్ వెదజల్లే సన్నని పూసలు. ఒక్కోటి దాదాపు 20 నుంచి 60 మైక్రాన్లు. యిట్రియం-90 సగం శక్తి 64 గంటల్లో తగ్గిపోతుంది. రేడియేషన్ కణజాలంలో సగటున రెండున్నర మి.మీ. మాత్రమే పాకుతుంది. ధమనిని పూర్తిగా మూయదు కాబట్టి టేస్ తర్వాత వచ్చే జ్వరం, నొప్పి దీంట్లో తక్కువ, నీరసం మాత్రం రెండు మూడు వారాలుంటుంది. పోర్టల్ సిర మూసుకున్నవారికీ చేయవచ్చు, అదే దీని పెద్ద లాభం. ఒక్క సెగ్మెంటుకే పెద్ద మోతాదు ఇచ్చే పద్ధతిలో గడ్డ చాలా కాలం కదలకుండా ఉంటుంది. 2016లో వచ్చిన ఒక పోలిక అధ్యయనంలో టేస్ చేసినవారి గడ్డ సగటున 7 నెలలకు మళ్లీ కదిలితే, వై-90 చేసినవారికి 26 నెలలు దాటింది. బతికిన కాలంలో మాత్రం తేడా కనిపించలేదు.

రెండుసార్లు క్యాథ్ ల్యాబ్‌కి వెళ్లాలి. మొదటిసారి టెక్నీషియం కణాలతో నకలు పరీక్ష చేసి, ఎంత శాతం ఊపిరితిత్తుల్లోకి జారుతుందో, కడుపులోకి వెళ్లే దారి ఏమైనా ఉందో చూస్తారు. ఊపిరితిత్తులకు ఒకసారికి 30 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) దాటేలా ఉంటే చేయకూడదు. తర్వాత మీ పేరున డోసు, ఎక్కువగా విదేశం నుంచి, తెప్పిస్తారు. అది ఫలానా రోజుకే లెక్కకట్టి వస్తుంది. ఆ రోజు మీకు జ్వరం వచ్చినా, రైలు తప్పినా డోసు కరిగిపోతుంది, డబ్బు తిరిగి రాదు. చెప్పిన తేదీకి రెండు రోజుల ముందే నగరంలో ఉండండి.

ఖర్చు టేస్‌కి ఎన్నో రెట్లు. ఫలితం స్కాన్‌లో తేలడానికి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కాబట్టి రెండు నెలల్లో ఆపరేషన్ ఉన్నవారికి ఇది ఎందుకో నన్నడిగితే చెప్పలేను. పొలం అమ్మి తెచ్చిన డబ్బు మార్పిడికే దాచుకోవాల్సినవారు, టేస్‌తోనో సూదితోనో పనయ్యేచోట దీనికి ఖర్చు పెట్టకూడదనే నా అభిప్రాయం.

## ఎస్‌బీఆర్‌టీ

బయటినుంచి గురిపెట్టి ఇచ్చే రేడియేషన్. మూడు నుంచి ఐదు సిట్టింగులు, వారం రెండు వారాల్లో అయిపోతుంది. సూది లేదు, గొట్టం లేదు, మత్తు లేదు. ప్లేట్‌లెట్లు 30,000 ఉన్నా చేయవచ్చు. డయాఫ్రం కింద పైపైన ఉన్న గడ్డ, పెద్ద నాళం పక్కన ఉన్న గడ్డ, టేస్‌కి లొంగని గడ్డ: వీటికి ఇది మంచి దారి. 2017లో కెనడా నుంచి వచ్చిన పోలికలో టేస్, ఆర్‌ఎఫ్‌ఏ, ఎస్‌బీఆర్‌టీ మూడిటిలోనూ మార్పిడి దాకా చేరలేక జాబితానుంచి తప్పిపోయినవారి శాతం దాదాపు ఒకటే.

శ్వాసతో లివర్ పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి ముందు ప్లానింగ్ సీటీలో ఆ కదలికను కొలుస్తారు, ఊపిరి బిగబట్టడం నేర్పిస్తారు. పొట్టలో నీరు రోజురోజుకీ మారుతుంటే గురి తప్పుతుంది. కనీసం 700 మి.లీ. మంచి లివర్ 15 గ్రే లోపే ఉండాలన్నది ప్లానింగ్‌లో చూసే హద్దు. చైల్డ్ బీ 8 నుంచి ప్రమాదం ఎక్కువ. గడ్డ కడుపుకో డుయోడినానికో (చిన్నపేగు మొదటి భాగం) దగ్గరగా ఉంటే అక్కడ పుండ్లు పడవచ్చు. చెన్నై తరమణిలో ప్రోటాన్ రేడియేషన్ కేంద్రం ఉంది. లివర్ బాగా చిన్నదై రేడియేషన్ చోటు చాలనివారికి అది ఆలోచించదగ్గది, మిగతావారికి మామూలు ఎస్‌బీఆర్‌టీ సరిపోతుంది. రేడియేషన్ తర్వాత నెలల తరబడి ధమని మెరుపు మిగలవచ్చు. ఒక్క నెల రిపోర్టు చూసి పని చేయలేదని కంగారుపడకండి.

## మాత్రలు, ఇమ్యూనోథెరపీ

సొరాఫెనిబ్ మాత్రలతో మార్పిడి దాకా నెట్టుకొచ్చే లాభం రుజువు కాలేదు. ఇమ్యూనోథెరపీ సంగతి ఇంకా జాగ్రత్తగా వినాలి. అటెజోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటివి రోగనిరోధక శక్తిని రెచ్చగొడతాయి. ఆ శక్తే తర్వాత కొత్త లివర్‌ను పరాయిదని తోసేయవచ్చు. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మందు శరీరంలో సగం తగ్గడానికే మూడు నాలుగు వారాలు పడుతుంది, అందుకే ఆఖరి డోసుకీ మార్పిడికీ మధ్య రెండు మూడు నెలలు ఉండాలని చూస్తారు. పెద్ద గడ్డలను హద్దులోకి లాగడానికి కొన్ని కేంద్రాలు దీన్ని వాడి మార్పిడి చేస్తున్నాయి. అది తప్పు కాదు. కానీ డోనర్ సిద్ధంగా ఉన్న మనిషికి ఊళ్లో ఆంకాలజిస్టు దీన్ని మొదలుపెట్టాడంటే, మార్పిడి సర్జన్‌కు తెలియకుండా మొదటి డోసు పడకూడదు. దాంతో బెవాసిజుమాబ్ కలిపితే రక్తస్రావం ప్రమాదం ఉంది కాబట్టి, ముందు ఎండోస్కోపీ చేసి, ఆహారనాళంలో ఉబ్బిన రక్తనాళాలుంటే బ్యాండ్ వేయాలి.

## ఒక్కచోట చూస్తే

| | సూదితో కాల్చడం | టేస్ | వై-90 | ఎస్‌బీఆర్‌టీ |
|---|---|---|---|---|
| బాగా పనిచేసే గడ్డ | 3 సెం.మీ. లోపు, ఒకటి రెండు | 3 సెం.మీ. పైన, లేదా పలు గడ్డలు | పెద్దది, ఒకవైపు ఉన్నది | ఒకటి రెండు, సూదికి అందనివి |
| లివర్ | ఏ, బీ | ఏ, బీ 7 | ఏ, బీ 7. బిలిరుబిన్ 2 లోపు | ఏ, బీ 7 |
| పోర్టల్ సిర మూత | అడ్డు కాదు గానీ వేరే దారి చూస్తారు | వద్దు | చేయవచ్చు | చేయవచ్చు |
| ఆసుపత్రి | 1 రాత్రి | 1 నుంచి 3 రాత్రులు | రెండు విడతలు | రోజూ వచ్చి వెళ్లడం |
| ఫలితం తేలేది | 1 నెల | 1 నెల | 3 నెలలు | 3 నెలలు, పైన |
| ముఖ్య భయం | సూది దారి, అంచు మిగలడం | లివర్ దిగజారడం, చీము | లివర్ దిగజారడం, ఖర్చు | పేగు పుండ్లు, లివర్ వాపు |

## మీరు ఏ పరిస్థితిలో ఉన్నారు?

*భార్య డోనర్, అన్నీ కలిశాయి, 2.5 సెం.మీ. గడ్డ, చైల్డ్ సీ.* నేరుగా ఆపరేషన్. మధ్యలో ఏ చికిత్స వద్దు.

*డోనర్ బరువు తగ్గాలి, మూడు నెలలు పట్టేలా ఉంది, 2.8 సెం.మీ. గడ్డ, చైల్డ్ ఏ.* గడ్డ సూదికి అందేచోట ఉంటే మైక్రోవేవ్. డయాఫ్రం కిందో, పెద్ద నాళం పక్కనో ఉంటే టేస్, లేదా ఎస్‌బీఆర్‌టీ.

*డోనర్ లేరు, జాబితాలో ఉన్నారు, 4 సెం.మీ. గడ్డ, చైల్డ్ బీ 7.* ఒక్క సెగ్మెంటుకే పరిమితమైన టేస్. స్కాన్‌లో అంచు మిగిలితే దాన్ని మైక్రోవేవ్‌తో ముగించవచ్చు. ఈ రెండూ కలిపితే ఒక్కోటి విడిగా చేసినదానికంటే బాగుంటుంది. లివర్ బాగున్నవారి మెల్డ్ స్కోరు (లివర్ ఎంత దెబ్బతిందో చూసి జాబితాలో వరుస నిర్ణయించే అంకె) తక్కువగా ఉంటుంది, గడ్డ తొందర ఆ స్కోరులో కనిపించదు. అందుకే మీ రాష్ట్ర జాబితాలో క్యాన్సర్ రోగికి అదనపు పాయింట్లు ఎలా ఇస్తారో కోఆర్డినేటర్‌ని అడిగి రాసుకోండి.

*7 సెం.మీ. గడ్డ, ఏఎఫ్‌పీ 1500, చైల్డ్ ఏ, కొడుకు డోనర్‌గా సిద్ధం.* కష్టమైన పరిస్థితి ఇదే. కొడుకు సిద్ధంగా ఉన్నాడు కదా అని వెంటనే టేబుల్ ఎక్కించమని ఒత్తిడి చేయకండి. వై-90 లేదా టేస్‌తో మొదలుపెట్టి, ఏఎఫ్‌పీ దిగి, గడ్డ హద్దులోకి వచ్చి, మూడు నెలలు నిలకడగా ఉంటేనే ఆ అబ్బాయి లివర్‌కు న్యాయం జరుగుతుంది.

## బెంగళూరు, చెన్నైల్లో పని జరిగే తీరు

మరణానంతర దానానికి కర్ణాటకలో జీవసార్థకతె, తమిళనాడులో ట్రాన్స్‌టాన్ జాబితాలు నడుపుతాయి. జాబితాలో పేరు ఎక్కించడానికి నివాస ధ్రువపత్రం అడగవద్దని 2023లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. అయినా అవయవం దొరికినప్పుడు స్థానికులకు ముందు, ఇతర రాష్ట్రాలవారికి తర్వాత అన్న వరుస ఉండొచ్చు. పేరు ఎక్కించే ముందు కోఆర్డినేటర్‌తో ఈ ఒక్క విషయం సూటిగా మాట్లాడండి. తెలంగాణ, ఆంధ్రలోని జీవన్‌దాన్ జాబితాతో పోల్చుకుని నిర్ణయించుకోండి. ఫోన్ వచ్చాక కొన్ని గంటల్లో చేరాలి. హిందూపురం నుంచి బెంగళూరు, నెల్లూరు నుంచి చెన్నై చేరవచ్చు. కర్నూలు నుంచో ఒంగోలు నుంచో అయితే కారు, డ్రైవరు, డబ్బు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. టేస్ గానీ వై-90 గానీ చేయించుకునే తేదీ కోఆర్డినేటర్‌కు ముందే చెప్పండి. ఆ కొద్ది రోజులు పేరును తాత్కాలికంగా పక్కన పెట్టవచ్చు.

స్కాన్ కాగితం రిపోర్టు ఒక్కటీ చాలదు. అన్ని దశల చిత్రాలున్న సీడీ కావాలి. ఒకే దశ సీటీతో వెళ్తే మళ్లీ చేయిస్తారు, ఖర్చూ కాంట్రాస్టూ రెండూ దండగ. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారు, క్రియాటినిన్ ఎక్కువున్నవారు స్కాన్‌కు ముందే ఆ సంగతి చెప్పాలి. లివర్ గడ్డకు బయాప్సీ చేద్దామని ఊళ్లో ఎవరైనా అంటే మార్పిడి కేంద్రం మాట విన్నాకే ఒప్పుకోండి. నాలుగు దశల స్కాన్‌లో లక్షణాలు స్పష్టంగా ఉంటే సిర్రోసిస్ రోగికి బయాప్సీ చాలాసార్లు అక్కర్లేదు.

టేస్ అయిన మర్నాడే మదనపల్లె బస్సెక్కకండి. తొడ దగ్గర గుచ్చి ఉంటే నాలుగారు గంటలు కాలు చాపి పడుకోవాలి, ఆపైన వారం పాటు ఆసుపత్రికి అరగంట దూరంలోనే ఉండాలి. వండుకునే వీలున్న గది తీసుకోండి: పొట్టలో నీరున్నవారికి రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, హోటల్ సాంబారుతో, ఆవకాయతో అది కుదరదు. ప్రోటీన్ మాత్రం తగ్గించకండి. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు తెల్లసొన, రాత్రి పడుకునేముందు ఏదైనా కొంచెం తినడం. కండ కరిగిపోయిన మనిషి మార్పిడిని తట్టుకోవడం కష్టం. ఊరినుంచి తెచ్చిన పసరు మందులు పూర్తిగా ఆపాలి. హెపటైటిస్ బీ మాత్రలు మాత్రం ఒక్క రోజు కూడా ఆపకూడదు.

సీఎం సహాయ నిధి ఎల్‌ఓసీ (ఆసుపత్రికి ఇచ్చే ముందస్తు హామీ పత్రం) కావాలంటే చికిత్సకు ముందే ఎస్టిమేట్ లెటర్ తీసుకోవాలి. ఆ ఎస్టిమేట్‌లో మధ్యలో చేసే చికిత్స, మార్పిడి వేర్వేరుగా రాయించుకోండి. కలిపి రాస్తే ఒకదానికే సొమ్ము వచ్చి రెండోది చేతినుంచి పడుతుంది.

ఇక ఆపరేషన్ తేదీ దగ్గరపడ్డాక ఒక్క పని మర్చిపోకండి. ఆఖరి లివర్ స్కాన్, ఛాతీ సీటీ, ఏఎఫ్‌పీ నెల రోజుల లోపువై ఉండాలి. డోనర్‌కు జలుబు చేసో, కమిటీ సంతకం ఆలస్యమయ్యో తేదీ ఆరు వారాలు వెనక్కి వెళ్తే, ఆ మూడూ మళ్లీ చేయించమని మీరే అడగండి. సిరలోకి కొత్తగా పాకిన క్యాన్సర్ డోనర్‌కు కోత పెట్టకముందే తెలియాలి.